ధాన్యాల ప్రొటీన్లలో అలర్జీ గుణాన్ని ప్రాసెసింగ్‌తో తగ్గించవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

గోధుమ పడనివాళ్లు, సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లల తల్లిదండ్రులు, బేకరీల్లో పనిచేసేవాళ్లు, ఫుడ్ టెక్నాలజీ చదివే విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇది అవగాహన కోసం రాసింది. మీ ఒంటికి ఏది పడుతుందో, ఏది పడదో తేల్చవలసింది మీ డాక్టరే.

## ముందుగా: ఏ జబ్బు, ఏ ప్రొటీన్?

గోధుమ అలర్జీ, సీలియాక్, గ్లూటెన్ పడకపోవడం అన్నీ ఒకటేనా?

కాదు. అయోమయం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. గోధుమ అలర్జీలో శరీరం గోధుమ ప్రొటీన్ల మీద ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసుకుంటుంది. తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం రావచ్చు. ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చే అనాఫిలాక్సిస్ అనే తీవ్ర రియాక్షన్ కూడా రావచ్చు. సీలియాక్ వ్యాధి అలర్జీ కాదు, ఆటోఇమ్యూన్ జబ్బు, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు. డీక్యూ2 లేదా డీక్యూ8 రకం జన్యువులున్న కొందరిలో గ్లూటెన్ ముక్కలు రోగనిరోధక కణాలను రెచ్చగొడతాయి, దాంతో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఈ రెండూ లేకుండానే గోధుమ తింటే కడుపుబ్బరం, నలత అనిపించేవాళ్లూ ఉన్నారు. దాన్ని కచ్చితంగా తేల్చే రక్తపరీక్ష ఇంకా లేదు.

ఒక ప్రాసెసింగ్ పద్ధతి ఈ మూడింట్లో ఒకదానికి పనికొచ్చి, మరోదానికి ఏమాత్రం పనికిరాకపోవచ్చు. అందుకే "అలర్జీ తగ్గించిన గోధుమ" అని ఎవరైనా అంటే, ఏ జబ్బున్నవాళ్లకు అన్నది ముందు అడగాలి.

అలర్జీ తెప్పించేది గ్లూటెన్ ఒక్కటేనా?

కాదు. గోధుమ ప్రొటీన్లను అమెరికన్ రసాయన శాస్త్రవేత్త థామస్ ఆస్బర్న్ దేనిలో కరుగుతాయన్న లెక్కన నాలుగు గుంపులుగా విడదీశారు. 1907లో వచ్చిన ఆ విభజననే ఇప్పటికీ వాడుతున్నాం. నీటిలో కరిగేవి ఆల్బుమిన్లు, ఉప్పునీటిలో కరిగేవి గ్లోబ్యులిన్లు, ఆల్కహాల్ కలిపిన నీటిలో కరిగేవి ప్రోలమిన్లు, పలచని ఆమ్లంలోనో క్షారంలోనో కరిగేవి గ్లూటెలిన్లు. గోధుమలోని ప్రోలమిన్‌ను గ్లయడిన్ అని, గ్లూటెలిన్‌ను గ్లూటెనిన్ అని అంటారు. ఈ రెండూ కలిసిందే గ్లూటెన్. గోధుమ ప్రొటీన్‌లో సుమారు 80 శాతం అదే.

సీలియాక్‌లో దోషి గ్లూటెనే. అలర్జీలో మాత్రం నిందితులు చాలామంది. ఒమెగా-5 గ్లయడిన్ తీవ్రమైన రియాక్షన్లకు పేరుపడింది. ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ గుంపుల్లోని అమైలేజ్-ట్రిప్సిన్ ఇన్హిబిటర్లు (ఆ రెండు ఎంజైమ్‌ల పనిని అడ్డుకునే ప్రొటీన్లు) బేకరీ పనివాళ్ల ఆస్తమాకు ముఖ్య కారణాల్లో ఒకటి. లిపిడ్ ట్రాన్స్‌ఫర్ ప్రొటీన్ అనే చిన్న ప్రొటీన్ ఇంకోటి. దాన్ని నాలుగు గంధకపు బంధాలు ఎంత గట్టిగా బిగించి ఉంచుతాయంటే, వేడికీ జీర్ణరసాలకీ అది ఓ పట్టాన లొంగదు.

గోధుమ పడనివాళ్లకు బియ్యం, మొక్కజొన్న కచ్చితంగా పడతాయా?

చాలామందికి పడతాయి గానీ, కచ్చితం అనలేం. బియ్యంలో 14 నుంచి 16 కిలోడాల్టన్ల (ప్రొటీన్ అణువు బరువును చెప్పే కొలత) ఆల్బుమిన్లు, 33 కిలోడాల్టన్ల మరో ప్రొటీన్ అలర్జీ కారకాలుగా గుర్తింపు పొందాయి. మొక్కజొన్నలోనూ లిపిడ్ ట్రాన్స్‌ఫర్ ప్రొటీన్ ఉంది, అది ఉడికించినా నిలిచే రకం. బార్లీలోని హోర్డీన్, రై అనే ధాన్యంలోని సెకాలిన్ గ్లయడిన్‌కు దగ్గరి చుట్టాలు కాబట్టి గోధుమ పడనివాళ్లు వాటితో జాగ్రత్తగా ఉండాలి. బక్‌వీట్‌లో గ్లూటెన్ లేదు, అది అసలు గడ్డిజాతి ధాన్యమే కాదు. అయినా అది సొంతంగా తీవ్రమైన అలర్జీ తెప్పించగలదు.

ప్రాసెసింగ్ వల్ల అలర్జీ గుణం తగ్గడం వెనక సూత్రం ఏమిటి?

యాంటీబాడీ ప్రొటీన్ మొత్తాన్నీ పట్టుకోదు, అందులో ఒక చిన్న భాగాన్నే పట్టుకుంటుంది. ఆ భాగాన్ని ఎపిటోప్ అంటారు. ప్రొటీన్‌ను పూసల దండ అనుకుంటే, కొన్ని ఎపిటోప్‌లు దండలో పక్కపక్కనే ఉన్న కొన్ని పూసలు. మరికొన్ని దండ ముడుచుకున్నప్పుడు దూరపు పూసలు దగ్గరికొచ్చి ఏర్పడే ఆకారాలు. వేడి చేస్తే ముడత విప్పుకుంటుంది కాబట్టి రెండో రకం చెడిపోతుంది, మొదటి రకం అలాగే ఉంటుంది. మొదటి రకాన్ని వదిలించుకోవాలంటే గొలుసును సరిగ్గా ఆ చోటే తెంపాలి. అది ఎంజైమ్‌ల పని.

ఇవి కాక, ప్రొటీన్‌ను కడిగి బయటికి తీసేయవచ్చు, ఎపిటోప్‌ను రసాయనికంగా మార్చి గుర్తుపట్టకుండా చేయవచ్చు. ఏ పద్ధతిలోనైనా ఒక రిస్క్ ఉంది. ముడత విప్పుకున్నప్పుడు లోపల దాగిన ఎపిటోప్ బయటపడవచ్చు, లేదా కొత్తది పుట్టవచ్చు. ప్రాసెసింగ్ అంటే ఎప్పుడూ తగ్గడమే అనుకోవడం పొరపాటు.

## వేడి చేయడం గురించి

బాగా ఉడికిస్తే, ఎర్రగా కాలిస్తే అలర్జీ పోతుంది కదా?

పోదు. కొన్ని ఆల్బుమిన్లు, గ్లోబ్యులిన్లు వేడికి కొంత లొంగుతాయి. కొందరికి పచ్చి పిండి ముట్టుకుంటే ఇబ్బంది, బ్రెడ్ తింటే ఏమీ కాదు. వాళ్ల విషయంలో ఇది ఒక కారణం కావచ్చు. కానీ గ్లూటెన్ ప్రొటీన్ల కథ వేరు. గ్లయడిన్‌కు ఆకారం మీద ఆధారపడని ఎపిటోప్‌లు చాలా ఉన్నాయి, వేడి వాటిని ఏమీ చేయలేదు.

ఇటలీలో 2001లో వెలువడిన ఒక అధ్యయనం నాకు ఇక్కడ చాలా ముఖ్యమనిపిస్తుంది. పచ్చి బ్రెడ్ ముద్దనూ, కాల్చిన బ్రెడ్ లోపలి మెత్తని భాగాన్నీ, పైపెచ్చునూ విడివిడిగా తీసుకుని, కడుపులోని జీర్ణక్రియను ప్రయోగశాలలో అనుకరిస్తూ ఎంజైమ్‌లతో అరిగించారు. పచ్చి ముద్దలోని అలర్జీ ప్రొటీన్లు అరిగిపోయాయి. కాల్చిన బ్రెడ్‌లోవి మాత్రం అరిగాక కూడా రోగుల ఐజీఈకి అతుక్కుంటూనే ఉన్నాయి. వేడికి ప్రొటీన్లు ఒకదానికొకటి అల్లుకుని గట్టిపడి, ఎంజైమ్‌లకు అందకుండా పోయాయన్నమాట. అంటే కాల్చడం వల్ల కొన్ని ప్రొటీన్లు జీర్ణరసాల దాడిని తట్టుకుని పేగు దాకా చేరే వీలు పెరుగుతోంది. సీలియాక్ ఉన్నవాళ్లకైతే కాల్చినా, ఉడికించినా, వేయించినా తేడా లేదు.

గుడ్డు, పాలు పడని పిల్లలు బేక్ చేసినవి తినగలరంటారు. గోధుమ విషయంలోనూ అంతేనా?

అంతే అనుకోవద్దు. పాలు, గుడ్డు పడని పిల్లల్లో చాలామంది వాటిని కేకుల్లో, మఫిన్లలో బాగా బేక్ చేసినప్పుడు తట్టుకోగలరన్న మాట నిజం. పాలు, గుడ్లలో కొన్ని ముఖ్యమైన ఎపిటోప్‌లు ఆకారం మీద ఆధారపడినవి, వేడికి అవి చెడతాయి. పైగా అక్కడ గోధుమ పిండే వాటికి అడ్డుగోడలా పనిచేస్తుంది: గ్లూటెన్ అల్లికలో చిక్కుకుని ఆ ప్రొటీన్లు తేలిగ్గా బయటికి రావు. గోధుమ అలర్జీలో ఆ అల్లికే సమస్య. "పాలు బేక్ చేస్తే పడింది కదా" అన్న ధైర్యంతో గోధుమతో ప్రయోగం చేయకండి.

పాస్తా, బిస్కట్లు, పఫ్‌ల వంటి వాటిలో తేడా ఉంటుందా?

కొంత ఉంటుంది గానీ ఆశపడేంత కాదు. పాస్తాను ఆరబెట్టే ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ప్రొటీన్లు మరింతగా అల్లుకుపోయి అరగడం కష్టమవుతుంది. అధిక పీడనంతో, వేడితో పిండిని తోసి ఉబ్బించే ఎక్స్‌ట్రూషన్‌లోనూ ప్రొటీన్ కరిగే గుణం తగ్గుతుంది. కరగడం తగ్గితే పరీక్షలో ప్రొటీన్ తక్కువగా కనబడుతుంది. నిజంగా పోయిందా, బయటికి రాక దాక్కుందా అన్నది ఆ అంకె ఒక్కటే చూసి చెప్పలేం.

బియ్యం బాగా కడిగి, నానబెట్టి వండితే ప్రొటీన్ పోతుందా?

కొద్దిగా పోతుంది. బియ్యంలో అలర్జీ తెప్పించే ఆల్బుమిన్లు నీటిలో కరిగే రకమే. కానీ అవి గింజ లోపల ఉంటాయి, మామూలు నీరు వాటిని పూర్తిగా లాగలేదు. అదే నీటిలో నానిన బియ్యాన్ని 100 నుంచి 400 మెగాపాస్కల్ పీడనానికి గురిచేస్తే గింజ నిర్మాణం సడలి ఆ ప్రొటీన్లు చెప్పుకోదగ్గ మోతాదులో నీటిలోకి వస్తాయని జపాన్ పరిశోధకులు చూపించారు. దానికి ప్రొటీన్‌ను తెంపే ఎంజైమ్ తోడైతే దాదాపు అన్నీ పోయాయి. 100 మెగాపాస్కల్ అంటే వాతావరణ పీడనానికి సుమారు వెయ్యి రెట్లు. ఇంట్లోని ప్రెషర్ కుక్కర్ లోపల ఉండేది సుమారు రెండు రెట్లే.

## మొలకలు, పులియబెట్టడం, ఎంజైమ్‌లు

మొలకెత్తిన గోధుమ, బార్లీ సురక్షితమేనా?

కావు. మొలకెత్తేటప్పుడు గింజ తన నిల్వ ప్రొటీన్లను తానే తెంపుకుని మొలకకు ఆహారంగా వాడుకుంటుంది. అందుకని గ్లూటెన్ కొంత తగ్గుతుంది. కానీ మొలక కొన్ని మిల్లీమీటర్లు రాగానే మనం ఆపేసి ఎండబెడతాం కాబట్టి చాలా భాగం మిగిలే ఉంటుంది. బార్లీ మాల్ట్ కూడా అలా తయారైనదే. మాల్ట్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అని లేబుల్ మీద ఉంటే సీలియాక్ ఉన్నవాళ్లు పక్కన పెట్టేయాలి.

సోర్‌డో బ్రెడ్‌లో గ్లూటెన్ ఉండదని విన్నాను. నిజమా?

సోర్‌డో అంటే పుల్లగా పులియబెట్టిన ముద్దతో చేసే బ్రెడ్. బేకరీలో దొరికే మామూలు గోధుమ సోర్‌డోలో గ్లూటెన్ పుష్కలంగా ఉంటుంది. ఈ అపోహకు మూలం ఉత్తి పుకారు కాదు, నిజమైన పరిశోధనే. సగమే జనంలోకి వచ్చింది. ఇటలీ శాస్త్రవేత్తలు జాగ్రత్తగా ఎంపిక చేసిన లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాను, ఆస్పర్‌జిల్లస్ శిలీంధ్రం నుంచి తీసిన ఎంజైమ్‌లను కలిపి, గోధుమ పిండిని పలచగా చాలాసేపు పులియబెట్టారు. 2007లో ప్రచురించిన ఫలితం ప్రకారం మిగిలిన గ్లూటెన్ 12 పీపీఎం, అంటే కిలోకు 12 మిల్లీగ్రాములు. తర్వాత అలా తయారైన పిండితో చేసిన పదార్థాలను కొద్దిమంది సీలియాక్ రోగులు 60 రోజులు తిన్నా పేగు దెబ్బతినలేదని మరో అధ్యయనం చూపింది.

ఇది గొప్ప పనే. ఇలాంటి పరిశోధన ఇంకా పెద్ద ఎత్తున జరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. కానీ అక్కడి బ్యాక్టీరియా వేరు, శిలీంధ్ర ఎంజైమ్‌లు వేరు, నియంత్రణ వేరు. ఇంట్లో రాత్రంతా పులిసిన ముద్దకూ దానికీ పేరు తప్ప పోలిక లేదు. మామూలు సోర్‌డో కొందరికి కడుపులో తేలిగ్గా అనిపించవచ్చు. అంతమాత్రాన సీలియాక్, గోధుమ అలర్జీ ఉన్నవాళ్లకు అది మందు కాదు.

మన కడుపులోనే ఎంజైమ్‌లున్నాయి కదా, గ్లూటెన్ ఎందుకు పూర్తిగా అరగదు?

కారణం ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం. 2002లో శాస్త్రవేత్తలు గ్లయడిన్ నుంచి 33 అమైనో ఆమ్లాల ముక్క ఒకదాన్ని గుర్తించారు. అందులో 13 ప్రోలిన్లు, 10 గ్లుటమిన్లు. అంటే 33లో 23 ఈ రెండే. ప్రోలిన్ ఉన్నచోట గొలుసు వంపు తిరిగి బిగుసుకుంటుంది. పెప్సిన్, ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్‌లకు అక్కడ కోత పెట్టే వీలుండదు. ఆ ముక్క అలాగే పేగులోకి వస్తుంది. అక్కడ టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే మన సొంత ఎంజైమ్ దానిలోని కొన్ని గ్లుటమిన్లను గ్లుటమిక్ ఆమ్లంగా మారుస్తుంది. అలా మారిన ముక్క డీక్యూ2కి మరింత గట్టిగా అతుక్కుంటుంది.

ప్రోలిన్ పక్కనే కోయగల ఎంజైమ్‌లు ప్రకృతిలో ఉన్నాయి. వాటిని ప్రోలిల్ ఎండోపెప్టిడేజ్‌లు అంటారు. ఆస్పర్‌జిల్లస్ నైగర్ నుంచి తీసే రకం కడుపులోని ఆమ్లంలోనూ పనిచేస్తుంది. దాన్ని మాత్రలుగా అమ్ముతున్నారు కూడా. అయితే ఆ మాత్ర వేసుకుని సీలియాక్ ఉన్నవాళ్లు బ్రెడ్ తినొచ్చనుకోవడం ప్రమాదం. భోజనంలోని గ్లూటెన్ అంతా కడుపు దాటేలోపు ముక్కలవుతుందన్న గ్యారంటీ లేదు.

ఎంజైమ్ వేసిన పిండితో బ్రెడ్ ఎందుకు సరిగ్గా రాదు?

బ్రెడ్‌ను నిలబెట్టే ప్రొటీన్‌నే మనం తెంపుతున్నాం కాబట్టి. మామూలు ముద్దను వేళ్లతో సాగదీస్తే వెలుతురు కనిపించేంత పలచని పొర వస్తుంది, చిరగదు. ప్రొటియేజ్ ఎంజైమ్ కలిపిన ముద్ద గంట గడిచేసరికి మెరుస్తూ జారుడుగా మారుతుంది. సాగదీయబోతే వేళ్లకు అంటుకుని తెగిపోతుంది. ఇంకాసేపు ఉంచితే గిన్నెలో గరిటెజారుగా పరుచుకుంటుంది. ఈస్ట్ గ్యాస్ వదులుతూనే ఉంటుంది, బుడగలు పైకి వచ్చి చిట్లిపోతాయి. ఓవెన్‌లో పెడితే గట్టి బిళ్ల తయారవుతుంది. ముక్కలైన పెప్టైడ్ల వల్ల కొద్దిగా చేదు కూడా వస్తుంది.

అందుకే అలాంటి పిండికి ముందుగా ఉడికించిన స్టార్చ్, జాంతన్ గమ్, హెచ్‌పీఎంసీ వంటి చిక్కదనమిచ్చే పదార్థాలు కలిపి నిర్మాణం ఇస్తారు. అలర్జీ ఎంత తగ్గితే బ్రెడ్ అంత కష్టమవుతుంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లందరినీ వేధించే చిక్కుముడి ఇదే.

ఇలాంటి ఉత్పత్తి నిజంగా మార్కెట్లోకి వచ్చిందా?

వచ్చింది. జపాన్‌లో బియ్యం గింజలను ప్రొటీన్‌ను తెంపే ఎంజైమ్ ద్రావణంలో నానబెట్టి, ముఖ్యమైన అలర్జీ గ్లోబ్యులిన్‌ను తొలగించి "ఫైన్ రైస్" అనే బియ్యాన్ని తయారుచేశారు. 1993లో జపాన్ ప్రభుత్వం ప్రత్యేక ఆరోగ్య ప్రయోజనాల ఆహారంగా ఆమోదించిన తొలి ఉత్పత్తుల్లో అది ఒకటి. బియ్యం ఇందుకు అనుకూలం: గింజ గింజగానే వండుకుంటాం, పొంగాల్సిన పని లేదు. గోధుమ పిండిలోనూ ఎంజైమ్‌లతో ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి గానీ, రుచి, ఆకృతి, ఖర్చు మూడూ కుదరడం కష్టమైంది.

గ్లూటెన్ తగ్గించిన బీర్ సీలియాక్ ఉన్నవాళ్లు తాగవచ్చా?

మేం వద్దనే చెబుతాం. బార్లీ బీర్‌లో ప్రోలిల్ ఎండోపెప్టిడేజ్ వేయడం మొదలైంది చల్లబెట్టినప్పుడు వచ్చే మసకను పోగొట్టడానికి. గ్లూటెన్ తగ్గడం దానితో పాటు కలిగిన ఫలితం. ముక్కలైన ప్రొటీన్‌ను కచ్చితంగా కొలిచే పరీక్ష లేదు కాబట్టి, మిగిలిన ముక్కలు హాని చేయవని ఎవరూ భరోసా ఇవ్వలేరు. జొన్న వంటి గ్లూటెన్ లేని ధాన్యాలతో మొదటినుంచీ తయారుచేసిన బీర్ వేరే సంగతి.

## ఫ్యాక్టరీ పద్ధతులు

మైక్రోవేవ్, అల్ట్రాసౌండ్, కోల్డ్ ప్లాస్మా (విద్యుత్తుతో ఉత్తేజపరిచిన వాయువు) వంటి కొత్త పద్ధతులు ఎంతవరకు పనిచేస్తాయి?

ఇవన్నీ ప్రధానంగా ప్రొటీన్ ఆకారాన్ని మారుస్తాయి. గొలుసును అంతగా తెంపవు. కాబట్టి ఒంటరిగా వాడినప్పుడు ఫలితం అరకొరగా ఉంటుంది, ఒక్కోసారి ఎదురుతిరుగుతుంది కూడా. వీటి అసలు విలువ ఎంజైమ్‌కు దారి చేయడంలో ఉంది. బిగుసుకున్న ప్రొటీన్‌ను ముందు విప్పితే, తర్వాత ఎంజైమ్ తేలిగ్గా లోపలికి వెళ్లి కోస్తుంది. ఒక్కో పద్ధతిని విడిగా పొగిడే వార్తల కంటే ఇలా రెండు మూడింటిని జతచేసిన ప్రయత్నాల మీదే నాకు ఎక్కువ నమ్మకం.

హైడ్రలైజ్ చేసిన (ముక్కలుగా తెంపిన) గోధుమ ప్రొటీన్ అంటే అలర్జీ తక్కువని అర్థమా?

ఎలా హైడ్రలైజ్ చేశారన్న దాని మీద ఆధారపడుతుంది. ఎంజైమ్‌లతో చిన్న చిన్న ముక్కలు చేస్తే తగ్గవచ్చు. ఆమ్లంతో వేడి చేస్తే, గొలుసు పూర్తిగా తెగకుండానే గ్లుటమిన్లు గ్లుటమిక్ ఆమ్లంగా మారతాయి. దీన్ని డీఅమిడేషన్ అంటారు. దాంతో పుట్టే కొత్త ఎపిటోప్‌లు మామూలు గోధుమలో ఉండవు.

దీని పర్యవసానం జపాన్‌లో బయటపడింది. ఆమ్లంతో హైడ్రలైజ్ చేసిన గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడినవాళ్లలో 2,000 మందికి పైగా గోధుమ అలర్జీ బారిన పడ్డారు. అంతవరకు వాళ్లలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా గోధుమ తిన్నవాళ్లే. రోజూ ముఖం కడుక్కునేటప్పుడు చర్మం నుంచి, కళ్ల నుంచి ప్రొటీన్ లోపలికి వెళ్లి రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టింది. తర్వాత మామూలు గోధుమ తిన్నా కనురెప్పలు వాచడం, కొందరికి అనాఫిలాక్సిస్ రావడం మొదలైంది. ఆ తర్వాత యూరోపియన్ యూనియన్ సౌందర్య ఉత్పత్తుల్లో వాడే గోధుమ హైడ్రలైజేట్ ముక్కల సగటు పరిమాణం 3.5 కిలోడాల్టన్లు మించకూడదని నియమం పెట్టింది.

ఆహారం తయారుచేసేవాళ్లు కూడా దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సగం తెగిన ప్రొటీన్, అసలు తెగని ప్రొటీన్ కంటే ప్రమాదకరం కావచ్చు.

ప్రొటీన్‌ను తెంపకుండా అలర్జీ తగ్గించే మార్గం లేదా?

రెండు ఆసక్తికరమైన దారులున్నాయి. ఒకటి థయోరెడాక్సిన్. అన్ని జీవుల్లోనూ ఉండే ఈ చిన్న ప్రొటీన్ గంధకపు బంధాలను విప్పుతుంది. బంధం విప్పుకుంటే ప్రొటీన్ వదులై జీర్ణరసాలకు లొంగుతుంది. 1997లో కాలిఫోర్నియా పరిశోధకులు గోధుమ అలర్జీ ఉన్న కుక్కల మీద చర్మ పరీక్షలు చేసి, ఇలా మార్చిన ప్రొటీన్లకు రియాక్షన్ తగ్గిందని చూపించారు. రెండోది సూక్ష్మజీవుల ట్రాన్స్‌గ్లుటమినేజ్‌తో గ్లుటమిన్ల మీద లైసిన్ వంటి అణువులను అతికించి, సీలియాక్‌కు కారణమయ్యే చోట్లను మూసేయడం. పిండి సాగే గుణం కొంత నిలుస్తుంది కాబట్టి ఇది ఆశ రేపుతోంది. రెండూ ఇంకా రోజువారీ ఆహారంగా మన ముందుకు రాలేదు.

గోధుమ స్టార్చ్‌లో ప్రొటీన్ ఉండదు కదా, తినొచ్చా?

పిండిని నీటితో కడిగి స్టార్చ్‌ను, గ్లూటెన్‌ను వేరుచేస్తారు. పదేపదే కడిగి శుద్ధిచేసిన స్టార్చ్‌లో గ్లూటెన్ 20 పీపీఎం లోపు ఉంటే దాన్ని గ్లూటెన్-ఫ్రీ ఆహారాల్లో వాడటానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ అనుమతిస్తుంది, సీలియాక్ ఉన్నవాళ్లు అలాంటివి తింటున్నారు. గోధుమ అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం దాన్ని సురక్షితమనుకోకూడదు. ఆ హద్దు గ్లూటెన్‌ను దృష్టిలో పెట్టుకుని పెట్టింది, మిగతా గోధుమ ప్రొటీన్ల గురించి అది ఏమీ చెప్పదు.

పాతకాలపు గోధుమ రకాలకు ప్రాసెసింగ్ అవసరం లేదంటారు, నిజమేనా?

నిజం కాదు. ఐన్‌కార్న్, ఎమ్మర్ వంటి రకాల్లో బ్రెడ్ గోధుమలో ఉండే డి జీనోమ్ అనే జన్యువుల సముదాయం ఉండదు. 33 అమైనో ఆమ్లాల ఆ పేరుమోసిన ముక్క ఆ జీనోమ్ నుంచే వస్తుంది. కాబట్టి వాటిలో అది లేకపోవచ్చు. కానీ హాని చేసే గ్లయడిన్ ముక్కలు ఇంకా చాలా ఉన్నాయి. సీలియాక్ ఉన్నవాళ్లకు ఇవీ నిషిద్ధమే.

## కొలవడం, లేబుళ్లు

20 పీపీఎం అంటే ఎంత? ఎందుకు ఆ అంకె?

కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాముల గ్లూటెన్. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2008లో "గ్లూటెన్-ఫ్రీ"కి ఈ హద్దు ఖరారు చేసింది. మామూలు బ్రెడ్ ముక్క ఒక్కదానిలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. హద్దులో ఉన్న గ్లూటెన్-ఫ్రీ బ్రెడ్ 100 గ్రాములు తిన్నా వచ్చేది 2 మిల్లీగ్రాములు మించదు. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తీసుకుంటే సీలియాక్ రోగుల పేగు దెబ్బతింటుందని 2007లో ఒక అధ్యయనం తేల్చింది. ఆ లెక్కన 20 పీపీఎం రోజంతా తిన్నా తగినంత ఎడం ఉంచుతుంది. ఇది సీలియాక్ కోసం పెట్టిన హద్దు. ఐజీఈ అలర్జీకి హద్దు మనిషికో రకంగా ఉంటుంది.

ల్యాబ్ రిపోర్టులో గ్లూటెన్ తగ్గిందంటే నమ్మవచ్చా?

ఏ పరీక్ష చేశారో చూడాలి. యాంటీబాడీలతో ప్రొటీన్‌ను కొలిచే పరీక్షను ఎలిసా అంటారు. ఎక్కువగా వాడే శాండ్‌విచ్ ఎలిసా పరీక్షకు ప్రొటీన్ ముక్క మీద యాంటీబాడీ పట్టుకునే చోట్లు రెండు కావాలి. ప్రొటీన్ ఒక్క చోటే మిగిలేంత చిన్న ముక్కలైతే ఈ పరీక్షకు కనబడదు, పేగుకు మాత్రం తెలుస్తుంది. పులిసిన, హైడ్రలైజ్ చేసిన వాటికి కాంపిటీటివ్ ఎలిసా వాడతారు గానీ దానికీ పరిమితులున్నాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఇచ్చిన నియమం ఇందువల్లే: అలాంటి ఆహారాల విషయంలో పులియబెట్టడానికి ముందే ముడిసరుకు గ్లూటెన్-ఫ్రీ అని తయారీదారు చూపించాలి.

తడిపిన గోధుమ గింజలను మైక్రోవేవ్ చేస్తే ఎలిసాలో గ్లూటెన్ బాగా పడిపోయిందని ఒకప్పుడు చెప్పుకున్నారు. 2017లో మరో బృందం లోతుగా చూస్తే, ప్రొటీన్ కరిగే తీరు మారడం వల్ల పరీక్ష దాన్ని పట్టుకోలేకపోయిందని తేలింది. సీలియాక్ రోగుల కణాలు మాత్రం ఆ గోధుమను మామూలు గోధుమలాగే గుర్తుపట్టాయి.

"హైపోఅలర్జెనిక్" అని రాసి ఉంటే కొనుక్కోవచ్చా?

ఆ మాట చూసి కొనవద్దు. దానికి అర్థం "అలర్జీ తక్కువ" అనే తప్ప "అలర్జీ లేదు" అని కాదు. దేనితో పోలిస్తే తక్కువ, ఎవరి మీద పరీక్షించారు అన్నవి ప్యాకెట్ మీద ఉండవు. పదార్థాల జాబితాలో గోధుమ, బార్లీ, రై, మాల్ట్ ఉన్నాయేమో చూసుకోవడమే మీకు నిజంగా పనికొచ్చే అలవాటు.

## తినేవాళ్లకు, పిండితో పనిచేసేవాళ్లకు

ఇంట్లోనే ఎంజైమ్ కొని ప్రయత్నిస్తే?

దయచేసి వద్దు. ఎంత తెగిందో ఇంట్లో కొలవలేరు. కంటికి ముద్ద పలచబడినట్టు కనిపించినా, యాంటీబాడీ పట్టుకునేంత పెద్ద ముక్కలు మిగిలే ఉండవచ్చు. పైగా ఎంజైమ్ పొడి పీల్చితే అదే కొత్త అలర్జీ తెప్పించగలదు.

మా పాపకు గోధుమ అలర్జీ. ప్రాసెస్ చేసిన గోధుమతో కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చా?

మీ టెన్షన్ అర్థమవుతుంది. ముందు ఒక మంచి మాట: చిన్నతనంలో వచ్చిన గోధుమ అలర్జీ చాలామంది పిల్లల్లో యుక్తవయసు వచ్చేసరికి తగ్గిపోతుంది. కొద్దికొద్దిగా అలవాటు చేసే ఓరల్ ఇమ్యునోథెరపీ కూడా నిజంగా ఉన్న చికిత్సే. అది రియాక్షన్ వస్తే వెంటనే ఎపినెఫ్రిన్ (తీవ్ర రియాక్షన్‌కు ఇచ్చే అత్యవసర ఇంజెక్షన్) ఇవ్వగల చోట, అలర్జీ స్పెషలిస్టు పర్యవేక్షణలో మాత్రమే మొదలుపెట్టాలి. మోతాదు పెంచేటప్పుడు రియాక్షన్లు మామూలే. తగ్గిందో లేదో ఖాయంగా తేల్చేది కూడా ఆసుపత్రిలో చేసే ఫుడ్ చాలెంజ్ పరీక్షే, ఇంటి ప్రయోగం కాదు.

రోజూ బ్రెడ్ తింటాను, ఏమీ కాదు. తిని పరుగెత్తితేనే ఒళ్లంతా దద్దుర్లు. ఇదేమిటి?

వెంటనే డాక్టర్‌ను కలవండి. గోధుమ తిన్నాక కొన్ని గంటల్లోపు వ్యాయామం చేస్తే మాత్రమే వచ్చే అనాఫిలాక్సిస్ ఒకటుంది. ముఖ్య కారణం ఒమెగా-5 గ్లయడిన్. ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు, ఆల్కహాల్ కూడా వ్యాయామంలాగే దీన్ని రేపగలవు. ఒమెగా-5 గ్లయడిన్‌ను వేడి వదిలించలేదు. బాగా కాల్చిన బ్రెడ్ కాబట్టి పర్వాలేదనుకోకండి.

బేకరీలో పనిచేస్తాను. పిండి దుమ్ముకు తుమ్ములు, ఆయాసం. బ్రెడ్ తినడం మానేయాలా?

చాలామంది మానేయనక్కరలేదు. ఇది ముక్కు, ఊపిరితిత్తుల దారిన వచ్చే అలర్జీ. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లోనే పిండి పనివాళ్ల ఆయాసం గురించి రాశారు. తినే బ్రెడ్ ఈ రోగుల్లో ఎక్కువమందికి పడుతుంది. అయినా డాక్టర్‌తో ఒకసారి ఖాయం చేసుకోండి.

దుమ్ము మాత్రం తగ్గించి తీరాలి. బస్తాను ఎత్తు నుంచి గుమ్మరించకుండా, మూతిని గిన్నె అడుగుకు ఆనించి నెమ్మదిగా వదలండి. మిక్సర్‌ను మొదట తక్కువ వేగంతో, మూత పెట్టి తిప్పండి. బల్ల మీద పిండి విసిరి చల్లే బదులు నూనె రాయండి, లేదా దుమ్ము లేవకుండా వేడితో సిద్ధం చేసిన పిండి వాడండి. చీపురుతో ఊడ్చవద్దు, వాక్యూమ్ వాడండి. ఇంకో విషయం చాలామందికి తెలియదు: బ్రెడ్ బాగా రావడానికి కలిపే శిలీంధ్ర అమైలేజ్ ఎంజైమ్ కూడా బలమైన అలర్జీ కారకమే. కాబట్టి డాక్టర్ దగ్గర గోధుమతో పాటు దానికీ పరీక్ష చేయించుకోండి. వీలైతే ఎంజైమ్‌ను పొడిగా కాకుండా ద్రవరూపంలో తెప్పించమని యజమానిని అడగండి. సెలవు రోజుల్లో ఆయాసం తగ్గి, పనిలో చేరగానే పెరుగుతుంటే ఆలస్యం చేయవద్దు. తొలి నెలల్లోనే దుమ్ముకు దూరమైనవాళ్లకు ఊపిరితిత్తులు కోలుకునే అవకాశం ఎక్కువ.